నల్ల కోటు, తెల్ల కుక్క, ఒడెట్ గారి మూల బల్ల

నవంబర్ 2, శనివారం

కుక్క వచ్చింది! నా కుక్క!! పేరు మోన్. వయసు ఏడు. తెల్లటి బొచ్చు, దిగాలు మొహం, పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి నడక.

కుక్కల షెల్టర్ నడిపే హెర్మీన్ గారు బోలెడు ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ గడగడా చెప్పాను. ఒక్కచోట మాత్రం ఇరుక్కున్నాను.

"రాత్రిళ్లు భోజనం ఎక్కడండీ?"

ఎక్కడేమిటి! ఆంట్వెర్ప్‌లో నేను తినని హోటల్ లేదు. మా వంటింటి పొయ్యి మీద కొన్ననాటి స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది. కానీ రోజూ బయట తిరిగే మనిషికి కుక్కనెవరిస్తారు?

"ఇంట్లోనేనండీ. రోజూ వండుకుంటాను," అన్నాను, తల పైకెత్తి మరీ.

ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్ను చాలాసేపు చూసింది. మెచ్చుకుందనుకుంటా.

మూడు వారాలు పరీక్ష. 23న ఆవిడ ఇంటికొచ్చి చూస్తుంది. నచ్చకపోతే మోన్‌ని వెనక్కి తీసుకుపోతుంది. పోనిస్తానా?

అందుకని తీర్మానాలు, ఈ పూట నుంచే:

బయటి తిండి బంద్. కాఫీతో సహా.
ఏడింటికి ఇద్దరికీ ఇంటి వంట.
మోన్ పరుపు మోన్‌ది. సోఫా నాది.
నా బట్టల మీద ఒక్క వెంట్రుక కనపడకూడదు.

చివరిది మరీ ముఖ్యం. ఇరవై రెండో ఏట నలుపు మొదలుపెట్టాను, నలభై తొమ్మిది వచ్చినా వదల్లేదు. నల్ల ఉన్ని కోటు (ప్రాణం). మడతల నల్ల ప్యాంటు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి నల్ల చొక్కా. వెనక్కి తిప్పి వేసుకున్నా ఎవరూ కనిపెట్టలేని నల్ల గౌను. నేను పనిచేసే వీర్లే మేడమ్ బట్టల షాపులో ముదురు నీలం వేసుకొచ్చిన వాళ్లని "ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు.

మెట్ల దగ్గర కింది వాటా కమీల్ బాబాయ్ ఎదురయ్యాడు. మోన్‌ని చూశాడు, నా కోటు చూశాడు.

"ఊళ్లో నల్ల కుక్కలన్నీ అయిపోయాయా గ్రీటూ?"

ఉత్త అసూయ.

నవంబర్ 3, ఆదివారం

స్టిక్కర్ పీకేశాను. చారిత్రక ఘట్టం!

ఉల్లికాడల సూప్ నాకు, ఉడికించిన చికెన్ మోన్‌కి. సూప్ అడుగంటింది. అయినా తిన్నాను. మోన్ చికెన్ వాసన చూసి, నాకేసి చూసి, వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

కొత్త చోటు కదా. రేపు తింటాడు.

నవంబర్ 4, సోమవారం

తినలేదు.

బొచ్చు తీసే జిగురు రోలర్ ఒకటి అయిపోయింది. ఒక్క రోజులో! డబ్బా మీద "కుటుంబానికి ఆరు నెలలు" అని రాసి ఉంది. ఏ కుటుంబం అది? బట్టతలల కుటుంబమా?

నవంబర్ 5, మంగళవారం

కుందేలు మాంసం. వద్దు. చేప. వద్దు. గుడ్డు నా చేత్తో పెట్టాను, మర్యాదకి ఒకసారి నాకి వదిలేశాడు.

డాక్టరుకి చూపించాను. "ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఇంట్లోనే ఏదో నచ్చడం లేదు," అన్నాడు. ఇంట్లో ఉన్నదల్లా నేనే.

సోఫా తీర్మానం దివ్యంగా నడుస్తోంది. తల మాత్రం పెడుతున్నాడు. తల పెట్టడం ఎక్కడం కిందికి రాదు.

నవంబర్ 6, బుధవారం

పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. 23కల్లా వీడు పుల్లలా అయిపోతే హెర్మీన్ గారు ఒక్క క్షణం ఉంచుతుందా? వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. వాడొచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించాడు. అప్పుడు ఇంకా ఏడ్చాను. నాలుగు రోజుల క్రితం నాకు తెలియని ప్రాణి, వీడు లేకపోతే ఎలాగా అని భయమేమిటి నాకు?

సాయంత్రం వానలో నడకకి తీసుకెళ్లాను. ఒడెట్ గారి భోజనశాల దగ్గరికి రాగానే మోన్ ఒక్క లాగు లాగాడు. నేను తలుపుకి గుద్దుకున్నంత పనైంది. లోపలికి దూసుకెళ్లి, మూల బల్ల కిందికి దూరి, ముందుకాళ్లు చాపుకుని పడుకున్నాడు. రోజూ వచ్చేవాడిలా!

ఒడెట్ గారు రివాజు ప్రకారం ముందు కుక్కకి నీళ్ల గిన్నె తెచ్చింది. తర్వాతే నా వైపు తిరిగింది.

"నాలుగు రోజులైంది, ఏమైపోయావ్? పెళ్లేమైనా చేసుకున్నావా?"

"కుక్కని తెచ్చుకున్నాను."

"అదీ మంచి పనే. ఏం తింటాడు?"

"ఏమీ తినడండీ," అన్నాను.

ఆవిడ వినిపించుకోలేదు. ఉప్పు, ఉల్లి తగలని ఉడికిన గొడ్డు మాంసం ఒక పళ్లెంలో తెచ్చి బల్ల కింద పెట్టింది. స్పూన్ల చప్పుడు, పక్క బల్ల నవ్వులు, మోకాళ్ల మీదికి వేలాడే బల్లగుడ్డ... మోన్ తిన్నాడు! మొత్తం తిన్నాడు! పళ్లెం జారుతూ పక్క బల్ల దాకా పోతే వెంటపడి నాకాడు.

నేను ఏమీ తినలేదు. ఒక ప్లేటు బంగాళాదుంప వేపుళ్లు తప్ప. మయొనేజ్‌తో.

నవంబర్ 7, గురువారం

నిన్నటిది బయట తినడం కాదు. వైద్యం.

ఇవాళ కూడా వైద్యానికి వెళ్లాం.

నవంబర్ 9, శనివారం

తీర్మానంలో చిన్న సవరణ: కుక్క బయట తినొచ్చు, నేను తినకూడదు. కానీ ఖాళీ పళ్లెం ముందు కూర్చుంటే ఒడెట్ గారు చిన్నబుచ్చుకుంటుంది. అందుకే క్రోకెట్లు, అదే రొయ్యల వేపుడు ఉండలు. రెండే.

సరే, నాలుగు.

నవంబర్ 12, మంగళవారం

ఘోరం! రోలర్లు ఊరంతటా నిండుకున్నాయి. పొద్దున కోటు చూస్తే మంచు పడ్డ పొలంలా ఉంది. దులిపాను. దులిపినకొద్దీ వెంట్రుకలు ఇంకా లోపలికి నాటుకున్నాయి. ఆలస్యమైపోతోందని అలాగే పరిగెత్తాను.

షాపులో అడుగుపెట్టానో లేదో, ఆరడుగుల ఆవిడ ఒకతి నా భుజం పట్టుకుని ఆపింది. చొక్కా తలకిందులుగా వేసుకుంది కాబట్టి ఫ్యాషన్ బాగా తెలిసిన మనిషే అయ్యుంటుంది.

"ఈ నేత ఎవరిది?"

"ఏ నేతండీ?"

"ఈ తెల్ల పోగులు! ఒక్కటి కూడా ఇంకోదానిలా లేదే! ఎంత నిర్లక్ష్యం! ఎంత విషాదం!"

వీర్లే మేడమ్ వచ్చింది. కోటు చుట్టూ రెండుసార్లు తిరిగింది. మోచేతి దగ్గర ఎండిన చొంగ చారని వేలితో తడిమింది.

"ఈ మెరుపు చేత్తో వేసిందే. దీన్ని చేసింది ఎవరు గ్రీట్?"

నిజం చెప్పాల్సింది. "మోన్," అన్నాను. అదీ నిజమే.

"వినలేదే! కొత్తవాడా? మాట్లాడించు నాతో."

"మాట్లాడే రకం కాదు మేడమ్."

"అదీ గొప్పవాళ్ల లక్షణం!" అంది ఆరడుగులావిడ.

ఈ ఫ్యాషన్ పిచ్చి ఊళ్లో పుట్టి పెరిగాను కాబట్టి నాకు ఆశ్చర్యం వేయలేదు. పోయినేడు మా షాపు కిటికీలో పెయింటరు మర్చిపోయిన గుడ్డ సంచిని ముగ్గురు బేరమాడారు.

నవంబర్ 14, గురువారం

అలాంటివి ఇంకో ఐదు కోట్లు కావాలట మేడమ్‌కి. "మోన్ ఎంత తొందరగా చేయగలడు?" అని అడిగింది.

"పడుకుంటే చేసేస్తాడు," అన్నాను.

"ప్రేరణ పడుకున్నప్పుడే వస్తుంది," అంది మేడమ్, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కళ్లు చెమర్చాయి కూడా.

సోఫా తీర్మానం రద్దు. మోన్ పరుపు మీద ఇప్పుడు నేనే పడుకుంటున్నాను. నడుముకి మంచిదట.

నవంబర్ 17, ఆదివారం

ఒడెట్ గారి దగ్గర మోన్‌కి ఇప్పుడు ఎక్కడలేని పలుకుబడి. ప్రతి బల్ల కిందా ఓ చెయ్యి. ప్రతి చేతిలో ఓ వేపుడు. నేను చూడనట్టు ఉంటాను. వాళ్లూ నన్ను చూడనట్టు ఉంటారు.

మస్సెల్స్, అదే ఆల్చిప్పలు, ఒక పెద్ద గిన్నెడు తిన్నాను. ఇది నవంబర్, మస్సెల్స్ కాలం. కాలాన్ని కాదనడానికి నేనెవర్ని?

నవంబర్ 20, బుధవారం

మోన్ ఛాతీ పట్టీ పట్టడం లేదు!! పట్టీ కుంచించుకుపోయిందనుకున్నాను. తోలు కుంచించుకుపోతుందా అని కమీల్ బాబాయ్‌ని అడిగాను.

"తోలు కాదమ్మా, కుక్క ఉబ్బింది. నువ్వు కూడా ఒకసారి ఆ ప్యాంటు..."

తలుపు వేసేశాను.

శనివారమే హెర్మీన్ గారు వచ్చేది! ఆవిడ ఎదురుగా వీడు ఇంట్లో తినాలి. లేకపోతే నా అబద్ధం బయటపడుతుంది, వీడు పోతాడు. తలుపు మళ్లీ తీసి బాబాయ్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

రిహార్సల్. వంటింట్లో తెల్ల బల్లగుడ్డ, కొవ్వొత్తి, రేడియోలో జనం మాటలు. బాబాయ్ హోటల్ వెయిటర్‌లా నడుముకి తువ్వాలు చుట్టుకుని, పళ్లెం వంచి పట్టుకుని మోన్‌కి చూపించాడు. మోన్ వాసన చూశాడు. గుమ్మం వైపు వెళ్లిపోయాడు.

"వంట ఎవరిది?" అన్నాడు బాబాయ్.

"నాదే."

"కుక్కకేం, తెలివైనదే."

నవంబర్ 21, గురువారం

ఆ ఐదు కోట్లూ ఇంకా మొదలవలేదు కాబట్టి మేడమ్ నా కోటు షాపు కిటికీలో పెడతానంది. వారం రోజులకి చాలు, ఇమ్మంది. దాదాపు ఒప్పుకున్నాను. తీరా విప్పబోతుంటే గుర్తొచ్చింది: మోన్ ఇప్పుడు ఆ కోటు పరిస్తేనే పడుకుంటాడు.

"ఇవ్వను మేడమ్."

"కళ పదిమందికీ చెందాలి గ్రీట్!"

"ఇది ఒక్కడికే చెందింది."

ఉద్యోగం ఊడలేదు. నేను కళాకారిణిని అయ్యుంటానని మేడమ్‌కి అనుమానం మొదలైంది.

నవంబర్ 22, శుక్రవారం

యుద్ధ సన్నాహం. పక్క ఊరు నుంచి రోలర్లు. సోఫా, తివాచీ, కర్టెన్లు, నేను, అన్నిటినీ బాబాయ్ సాయంతో బొచ్చు లేకుండా తోమేశాను. కోటు బీరువాలో దాచేశాను. మోన్‌ని దువ్వి, వాడి పరుపు మీద కూర్చోబెట్టాను. అదేమిటో వాడికి అర్థం కాలేదు.

నవంబర్ 23, శనివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

హెర్మీన్ గారు వచ్చింది. బాబాయ్ తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. ఒడెట్ గారి దగ్గర్నుంచి దొంగతనంగా తెప్పించిన మాంసాన్ని నా పళ్లెంలో సర్ది "ఇప్పుడే దింపానండీ," అన్నాను. మోన్ అటు చూడనైనా చూడలేదు.

ఆవిడ ఇల్లంతా తిరిగింది. సోఫా మీద అరచేయి రాసి చూసుకుంది. నా చొక్కా చెయ్యి పట్టుకుని వెలుతురులో తిప్పింది.

"ఒక్క వెంట్రుక లేదు."

"అవునండీ!" అన్నాను, పొంగిపోయి.

"అదే నాకు నచ్చలేదు. ఇల్లు చూసి ఏం లాభం, నేను ముందు బట్టలు చూస్తాను. బట్టలు ఇంత శుభ్రంగా ఉన్నాయంటే కుక్క దగ్గరికి రాదు, లేదా మీరు రానివ్వరు. తిండి పెడితే చూడనైనా చూడడం లేదు. వాడికిక్కడ బాలేదమ్మా. తీసుకెళ్తాను."

కొక్కేనికి ఉన్న తాడు అందుకుంది. నిజంగా అందుకుంది.

బీరువా తెరిచి కోటు లాగి ఆవిడ ముందు పడేశాను. గదంతా తెల్లగా ఎగిరింది. బాబాయ్ తుమ్మాడు.

"రానివ్వకపోవడమా! ఇది చూడండి! సోఫా వాడిది, పరుపు మీద పడుకునేది నేను! నాకు వంట రాదు. రోజూ వండుకుంటానని మీకు అబద్ధం చెప్పాను. వాడు ఇంట్లో ముట్టడు, రోజూ ఒడెట్ గారి మూల బల్ల దగ్గర ఇద్దరం కలిసి తింటున్నాం. నన్ను ఏమైనా అనండి. వాడిని మాత్రం తీసుకెళ్లకండి!"

"ఇవాళ్టి మాంసం కూడా ఒడెట్‌దే," అన్నాడు బాబాయ్. అడక్కుండానే!

హెర్మీన్ గారు కోటు ఎత్తి కాలరు తిరగేసింది. అస్తరు చూసింది. అస్తరు నిండా కూడా బొచ్చే. మోన్ తన పరుపు దిగి వచ్చి, ఆవిడ చేతిలోంచి కోటు అంచు నోటితో లాగి కింద పడేసి, దాని మీద మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు.

ఆవిడ కుర్చీలో కూలబడింది.

"వీడి పాత యజమాని రేవులో క్రేను నడిపేవాడు. జన్మలో పొయ్యి వెలిగించి ఎరగడు. ఇద్దరూ రోజూ హోటల్లోనే తినేవారు. ఆయన పోయాక, బయట తినే మనిషి కోసమే నాలుగు నెలలు చూశాను. మీరేమో రోజూ వండుకుంటానన్నారు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"అంత గర్వంగా చెప్పారు. వండుకునే మనిషిని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆవిడ తాడు మళ్లీ కొక్కేనికి తగిలించింది. ఆ చప్పుడు ఎంత బాగుందో!

"వాడు మీవాడే," అంది. తర్వాత వాడిని ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. "ఒక్క మాట. ఏమిటీ పొట్ట? నాలుగు వారాలు హోటలు బంద్. ఇంట్లోనే, కొలిచి పెట్టండి. మళ్లీ వచ్చి చూస్తాను."

ఆవిడ మెట్లు దిగుతుంటే వెనక నుంచి చూశాను. నీలం స్వెట్టరు తెల్లబడిపోయింది. దులుపుకోలేదు.

నవంబర్ 24, ఆదివారం

కొత్త తీర్మానాలు! ఈసారి నిజంగా!

బయటి తిండి బంద్. ఇద్దరికీ.
ఏడింటికి ఇంటి వంట, కొలిచి.
సోఫా గురించి ఏమీ రాయడం లేదు.

ఏడు గంటలు: బల్లగుడ్డ పరిచాను. బాబాయ్ తువ్వాలుతో సిద్ధం. ఉడికిన క్యారెట్టు, కొలిచిన చికెన్. మోన్ పళ్లెం చూశాడు. గుమ్మం చూశాడు. నేనూ గుమ్మం చూశాను. బాబాయ్ కూడా.

ఏడుంబావు: నాలుగు వారాలు రామని ఒడెట్ గారికి చెప్పాలి కదా. పాపం, మూల బల్ల ఖాళీగా ఉంచి ఎదురు చూస్తుంటుంది. ఇలాంటివి ఫోన్లో చెప్పడం మర్యాద కాదు. ముగ్గురం వెళ్లి, నిలబడే చెప్పి వచ్చేస్తాం. కోటు వేసుకున్నాను.