మృత శిశువు అని రాసిన వరుస

కల్వకుర్తి తాలూకా,
ఆగస్టు 1962

జిల్లా ఆరోగ్యాధికారి గారికి, ఒక గ్రామ పోలీసు పటేలు నమస్కరించి రాసుకునేది.

ఐదేళ్లలో అవకరంతో పుట్టిన శిశువులెందరో జనన రిజిస్టరు చూసి తెలుపమని తమరు అడిగారు. ఎవరూ లేరని పోయిన నెల జవాబు పంపాను. దయచేసి దాన్ని నమ్మవద్దు.

ఆ సంగతి మంత్రసాని గుర్వమ్మకు చెబితే, "గా బిక్షమ్మ బిడ్డ యాదికి లేదా పటేలా?" అన్నది. వీపు మీద చర్మం లేకుండా, వెన్ను తెరుచుకుని పుట్టిన పాప అది. నేను చూడటానికి వెళ్లలేదు. బతకదని విని, పుట్టుక ఒకసారి, చావు ఒకసారి రాయడమెందుకని 'మృత శిశువు' అని ఒకే వరుసలో రాసేశాను.

గుర్వమ్మ ద్వారా సంగతి తెలిసి, మర్నాడు బిక్షమ్మే మా ఇంటికి వచ్చింది.

"నా బిడ్డ సచ్చి పుట్టలే పటేలా. రెండు దినాలు నా ఒళ్లెనే ఉన్నది. పాలు పిండితే మింగింది. గట్లెందుకు రాసిన్రు?"

నేను రిజిస్టరు తీసి ఆ వరుస వెతికాను. దిద్దేదాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. తనకు చదువు రాదు కనుక పైకి చదవమంది. చదివి వినిపించాను.

తమరి లెక్కలో ఆ పాపను చేర్చుకోండి. నా చేతిరాతలో మృత శిశువులు ఇంకా ఆరుగురున్నారు. వారిలో కొందరు పుట్టగానే ఏడ్చారని గుర్వమ్మ అంటున్నది. ఎవరెవరో ఆమెకూ యాది లేదు. ఇప్పుడు రిజిస్టరు తెరిస్తే ఆ ఆరు వరుసలు తప్ప నాకు మరేమీ కనబడటం లేదు. వాటిని ఏమని దిద్దాలో తెలియజేయగలరు.

ఇట్లు,
పోలీసు పటేలు