నాన్నకి తెలిసిన నంబరు

అమ్మా,

నేను పోలీస్ స్టేషనుకి వెళ్తున్నాను. వచ్చేదాకా కొత్త నంబర్ల నుంచి ఫోనొస్తే ఎత్తకు. నాన్న పేరు చెప్పినా సరే, ఎత్తకు. ఒక్కదానివే ఉండకుండా పక్కింటి పింకీ దీదీ దగ్గర కూర్చో.

పొద్దున "అమ్మగారూ, మీ ఆయన కార్ నికోబార్ దీవిలో దొరికాడు, ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పండి" అన్నవాడు దొంగ. నువ్వు చెప్పగానే ఉద్యోగాల సైట్‌లో నా అకౌంటు వాడి చేతిలోకి పోయింది. ఇప్పుడు నా పేరు మీద తోటి నర్సులందరికీ మెసేజీలు పెడుతున్నాడు. మన మిన్నీ బే ఇంటి అడ్రసు కూడా అందులో ఉంది.

నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది. కానీ తప్పు నాదే. అకౌంటుకి నీ నంబరిచ్చాను, నాన్న సునామీలో కనిపించకుండా పోయిన సంగతి కూడా అందరూ చదివేలా రాశాను. ఇవాళే వేరే సిమ్ కొని, ఇకమీదట ఇలాంటి వాటికి అదే ఇస్తాను. నాన్నకి తెలిసిన నంబరు నీదొక్కటే కదా, నువ్వు మార్చక్కర్లేదు.

సుష్మ

కార్ నికోబార్ వెళ్లే ఓడ టైము కనుక్కోవడానికి వెళ్తూ నువ్వు నాన్న చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టావు. అది చూశాక ఎదురుగా చెప్పే ధైర్యం చాల్లేదు.