ఎర్మెస్ గారి ఆఖరి చక్రం

ఫిబ్రవరి 4

ఈ రోజు ఎర్మెస్ గారు తన చిన్న సుత్తిని నా చేతిలో పెట్టారు. మా చీజ్ ఫ్యాక్టరీకి ఆయన పెద్ద మేస్త్రీ, నాకు బాస్. ఆరేళ్లుగా నా పని అల్మారాలు తుడవడం, నలభై కిలోల చీజ్ చక్రాలను తిరగేయడం. ఏడాది నిండిన ప్రతి చక్రాన్నీ సుత్తితో తట్టి, లోపల పగులు ఉందో లేదో చెవితో తేల్చాలి. పనికిరాదని తేలితే పైతొక్క మీది మా గుర్తులన్నీ గీకేస్తాం. ఆ తట్టే పని ఇంతవరకు ఆయనదే. జూన్‌లో రిటైర్ అవుతున్నారు.

నివేస్‌కి సుత్తి ఇస్తే గోడకు మేకులు కొట్టుకుంటుంది అని నా గురించి అన్నాడు తోటి పనివాడు లోరిస్, అందరూ వినేలా. తన మేకులైనా తిన్నగా దిగుతాయిరా, నీవి అదీ లేదు అన్నారు ఎర్మెస్ గారు.

ఆయన తర్వాత ఆ మేస్త్రీ పోస్టు నాకు కావాలి. రాసుకోవడానికి సిగ్గెందుకు?

ఫిబ్రవరి 11

రెండు వందల చక్రాలు. ఇంట్లో కాఫీ కప్పును కూడా తట్టి చూస్తున్నాను.

మార్చి 3

తప్పు చేశాను. నేను బాగుందన్న చక్రాన్ని మోదెనా నుంచి వచ్చిన వ్యాపారి మా కళ్ల ముందే కోయించాడు. లోపల వేలు పట్టేంత పగులు. ఎవరు తట్టారిది అని అడిగాడు. ఎర్మెస్ గారు నన్ను వెనకేసుకొస్తారనుకున్నాను. నివేస్ తట్టింది, ఏమైందో తనే చెబుతుంది అని ఆయన పక్కకు జరిగారు. తల కొట్టేసినట్టయింది. ఒక వైపే తట్టి, తిరగేయకుండా వదిలేశానని చెప్పాను.

వ్యాపారి వెళ్లాక ఆయన మీదికి లేచాను. బాస్ అంటే ఇదేనా అన్నాను. నీ తప్పు నేను నెత్తినేసుకుంటే రేపు నీ ఒప్పు కూడా నాదే అంటారమ్మాయ్, అది నీకిష్టమేనా అన్నారు. ఆ వరసంతా మళ్లీ నా చేతే తట్టించారు, రెండు వైపులా.

ఏప్రిల్ 22, ఉదయం 6

రెజ్జోలోని చీజ్ సంఘం నుంచి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు. నేను తట్టడం చూసి పోస్టు సంగతి తేలుస్తారు. నా పేరు పంపింది ఎర్మెస్ గారే. భయం లేదు. సరే, కొంచెం ఉంది.

మధ్యాహ్నం

వరసలో పద్నాలుగోది ఎర్మెస్ గారి చక్రం. కిందటేడు ఆయన తన చేత్తో చేసిన ఆఖరిది. రిటైర్మెంటు విందులో కోస్తానని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. తట్టాను. తిరగేసి తట్టాను. ఒక పక్క డొల్లగా పలికింది.

లోరిస్ పైకప్పు చూస్తున్నాడు. బాగుంది అని ఒక్క మాట అంటే అందరికీ సంతోషమే. పనికిరాదు అన్నాను.

ఎర్మెస్ గారు సుత్తి తీసుకుని చాలాసేపు తట్టారు. అమ్మాయి చెప్పిందే నిజం, ఇన్నాళ్లూ దీన్ని తట్టినప్పుడల్లా నాకు కావలసిందే విన్నాను అన్నారు ఇన్‌స్పెక్టర్లతో. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. పదిహేనోది తట్టాను.

ఏప్రిల్ 23

పోస్టు నాదే. పొద్దున్నే ఆయన చక్రం మీది గుర్తులు గీకేశాను. కదలకుండా ఆయనే పట్టుకున్నారు.