అమ్మ నడుము మీది పుండు

గ్రేటర్ నోయిడా,
ఆదివారం.

చిరంజీవి సుభద్రకు,

పెద్దవాణ్ణి కనుక ఆశీర్వదించి మొదలుపెట్టాలి. ఈసారి ఆ చనువు తీసుకోను. ఆపరేషన్ కుట్ల దగ్గర ఇంకా లాగుతోందా? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

అమ్మ కర్మలు కాగానే మీ అందరితో తెగతెంపులు చేసుకుని వచ్చేశాను కదా. ఇక్కడొక వృద్ధాశ్రమంలో కొత్తగా చేరే ఆయాలకు పాఠాలు చెబుతున్నాను. గదీ, భోజనమూ వాళ్ళవే. మేనేజరు మూర్ఖుడు. నేను పుస్తకాలన్నీ తిరగేసి రాసిన పాఠం చూసి, పావుగంటలో ముగించమన్నాడు. చలి ఎముకలు కొరుకుతోంది. రోజూ రాజ్మా గింజల కూరే. నోరు చచ్చిపోయినప్పుడు బస్సెక్కి అశోకా రోడ్డు దాకా వెళ్ళి, అక్కడి మనవాళ్ళ క్యాంటీనులో సాంబారన్నం తిని వస్తాను. గోంగూర పచ్చడి పంపమని అడిగే మొహం నాకు లేదు. పోయిన నెలంతా కూర్చుని నీ తప్పులు వరసపెట్టి ఒక ఉత్తరం రాశాను. దాన్ని చింపేసి ఇది రాస్తున్నాను.

మా పాఠం ఇంతే: ముసలివాళ్ళను కొట్టడం ఒక్కటే హింస కాదు. మంచాన పడ్డ మనిషిని పక్కకు తిప్పకపోవడం, తడిసిన దుప్పటి మార్చకపోవడం, పిలిస్తే పలకకపోవడం కూడా హింసే. ఇది పెద్ద గొంతుతో చెప్పేవాణ్ణి. పోయిన మంగళవారం నర్సు ఒక పద్ధతి పెట్టింది. ఒకరు మంచాన పడ్డవాళ్ళలా కదలకుండా పడుకోవాలి, మిగతావాళ్ళు తమ పనులు చేసుకోవాలి. ఆయాలు సిగ్గుపడుతుంటే నేనే పడుకున్నాను.

ఎవరూ నా వంక చూడలేదు. మేనేజరు వచ్చి, నా మొహం మీదుగానే నర్సుతో నీళ్ళ ట్యాంకు సంగతి మాట్లాడి పోయాడు. గంట గడిచేసరికి నడుము కింద మంట పుట్టింది. అప్పుడు కమల అనే ఆయా వచ్చి నా వీపు కింద అరచెయ్యి దూర్చింది. పోయిన నెలే చేరింది, చదువు రాదు.

“ఇక్కడేగా మంట, అంకుల్‌జీ?” అంది.

సరిగ్గా అక్కడే. అమ్మకు పుండు పడ్డ చోటు.

నాకు కన్నీళ్ళు ఆగలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా అని అడిగింది. మా అమ్మకు అన్నాను. చూసుకున్నదెవరని అడిగింది.

“నా చెల్లెలు” అన్నాను.

“అచ్ఛా. అయితే ఆ దీదీని కూడా పిలిపించండి, మా పక్కన కూర్చుని నేర్చుకుంటుంది” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నువ్వు గుంటూరు ఆస్పత్రిలో ఉన్న పన్నెండు రోజులూ అమ్మ నా చేతిలో ఉంది. “కాస్త తిప్పరా” అనేది. “ఈ పేజీ అవనీ” అనేవాణ్ణి. పేజీ అయ్యాక మరచిపోయేవాణ్ణి. నువ్వు రోజూ ఫోనులో అడిగితే, తిప్పుతూనే ఉన్నానని చెప్పాను. ఆవిడ ఎంతసేపూ నీ పేరే పలవరిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నువ్వు పచ్చి కుట్లతో తిరిగివచ్చి, ఆవిడ పోయేదాకా ఆ పుండు కడిగావు. అమ్మ పోయిన పదో రోజున, కర్మల దగ్గర పెద్దన్నయ్య, అంత పుండు ఎలా పడిందని అడిగితే, నీ వంక చూస్తూ “చూసుకునేవాళ్ళు ఉండాలిగా” అన్నాను. నువ్వు ఒక్కసారి నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయావు.

బుధవారం క్లాసులో, పుండు పడ్డప్పుడు చూసుకున్నది చెల్లెలు కాదు, నేనే అని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కమల మాత్రం తలెత్తకుండా అడిగింది:

“దీదీకి చెప్పారా?”

అందుకే ఈ ఉత్తరం. బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు ఇది చదివి వినిపించు, వాళ్ళ మామయ్య ఎలాంటివాడో తెలియాలి.

పెద్దన్నయ్యకూ, బాబాయికీ ఇదే సంగతి విడిగా రాసి నిన్ననే పోస్టు చేశాను. పెద్దన్నయ్య నమ్మడు. నీకు ఫోను చేసి, దుఃఖంలో ఏదో రాశాడులే అంటాడు. నన్ను వెనకేసుకు రావద్దు. పదో రోజున నోరు మెదపకుండా వెనకేసుకు వచ్చావు, అది చాలు. చిన్నన్నయ్య రాసింది నిజమే అని చెప్పు.

ఇట్లు,
నీ చిన్నన్నయ్య
రాఘవరావు