నా పేరు మీద దగ్గు

పెనుకొండ,
9-8-1964.

చిరంజీవి వెంకటరాముడికి అమ్మ దీవించి రాసేది. భిలాయిలో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ ముగ్గురమూ తింటున్నాం, తిరుగుతున్నాం. నేను ఐదో తరగతి దాకా చదివినందుకు ఇన్నాళ్లకు సంతోషిస్తున్నాను. ఇది ఇంకొకరి చేత రాయించే ఉత్తరం కాదు. నింపాదిగా కూర్చుని చదువు.

నువ్వడిగిన వాటికి ముందు జవాబు చెబుతాను. వాన ఆలస్యంగానైనా పడింది. చెనిక్కాయ వేశాం, మొలక బాగుంది. నల్లావు ఈనింది, కోడెదూడ. నీ పెళ్లాం కదిరమ్మ ఎందుకు రాయడం లేదని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. నేనే రాయనివ్వలేదు. ఎందుకో చెబుతాను.

మందుల సంగతి అడిగావు. మన జిల్లాలో క్షయకు ఇప్పుడు పెద్ద ఏర్పాటే జరుగుతోంది. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు ధర్మవరం వైపు, హిందూపురం వైపు ఊరూరా తిరిగి ఎవరికి దగ్గుందో రాసుకుపోయారు. ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేసి, జబ్బుంటే కార్డు రాసి నెలకు సరిపడా మాత్రలిస్తారు. మదనపల్లె క్షయ ఆసుపత్రికి పోయి నెలల తరబడి మంచాన పడి ఉండక్కరలేదు. మా చెల్లెలి కాలంలో ఇదే ఉంటేనా! దగ్గుతోందని దాన్ని అత్తవాళ్లు పుట్టింట్లో దించిపోయారు. మళ్లీ తొంగి చూడలేదు. అది పోయిన రెండో నెలకే ఆ ఇంట్లో ఇంకో పెళ్లి జరిగింది.

ఫిబ్రవరిలో నేను తెమడ డబ్బీ పట్టుకుని ఆసుపత్రికి పోయినదీ, నా పేరున కార్డు రాయించుకున్నదీ నీకు తెలుసు. "నీ దగ్గు తగ్గిందా అమ్మా, పిల్లవాణ్ణి దగ్గరికి రానీయకు" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు.

వెంకటరాముడూ, నాకు దగ్గు లేదు. ఎప్పుడూ లేదు. ఆ డబ్బీలో ఉన్నది కదిరమ్మ తెమడ.

వీధికి తెలిస్తే దాన్ని పుట్టింటికి తోలమంటారు, నీకు మారుమనువు మాట తెస్తారు. ముసలిదానికి దగ్గొస్తే ఎవరికేం పట్టిందిలే అనుకున్నాను. కార్డు నాది, మాత్రలు దానివి. ఎంత తెలివైన పని చేశానో అని లోలోపల మురిసిపోయాను కూడా.

మార్చిలో ఆసుపత్రి మనిషి ఈశ్వరప్ప ఇంటికొచ్చాడు. నీ కొడుకు గంగన్న నా ఒళ్లో ఉన్నాడు.

"ఏమ్మా, కార్డు నీదే కదా? పిల్లోణ్ణి ఒళ్లో ఎట్ల పెట్టుకుంటాండావు? వానికి అంటుకుంటాది. వాళ్లమ్మ కాడే పండబెట్టు, నీ కాడికి రానీయొద్దు" అన్నాడు.

ఎదురింటి అంజినమ్మ అరుగు మీద నుంచి అంతా వింటోంది. కాదని ఎలా అంటాను? తలూపి, బిడ్డను తీసి కదిరమ్మ చేతుల్లో పెట్టాను. ఆ రోజు నుంచి వాడు దాని పక్కలోనే.

"అత్తా, బిడ్డ నా కాడ వద్దు. నేనే పోయి చెప్తా, నా పేరే రాసుకోనీ" అని కదిరమ్మ మూడుసార్లు నా కాళ్లు పట్టుకుంది.

"నోరు మూసుకోని ఉండు. మాత్రలు మింగుతాండావు కదా, ఏమీ కాదు" అని కసిరాను. నీకు ఉత్తరం రాస్తానంటే అదీ వద్దన్నాను. గంగన్న నా దగ్గరికి పరుగెత్తుకొస్తే, "రావద్దురా, అవ్వకు దగ్గు" అని అంజినమ్మకు వినపడేలా అరిచేదాన్ని.

జులై వచ్చేసరికి వాడికి సాయంత్రమైతే ఒళ్లు కాలేది. పక్కటెముకలు బయటపడ్డాయి. ఆసుపత్రిలో చేతికి పరీక్ష సూది వేస్తే మూడో రోజుకు ఆ చోట రూపాయంత వాచింది. ఛాతీ ఫోటో కూడా తీశారు. "జబ్బు ఉండాదమ్మా. అవ్వ నుంచే వచ్చింది" అన్నాడు డాక్టరు. వెనక కదిరమ్మ వెక్కుతోంది. అది నోరు తెరిచే లోపల నేనే చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. రిజిస్టరు తెప్పించి నా పేరు కొట్టేసి దాని పేరు రాశాడు. "లెక్కల్లో మీ పేరు, మీ వయసు బెంగళూరుకు కూడా పోయినాయమ్మా. అదీ దిద్దించాల" అన్నాడు. గంగన్నకు ఎప్పుడు అంటిందో ఎవరూ చెప్పలేరనీ, మాత్రలు మొదలెట్టక ముందే కావచ్చనీ అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడేమో. ఐదు నెలలు వాణ్ణి ఏ పక్కలో పండబెట్టానో నాకు తెలుసు.

కదిరమ్మకు నయమవుతోంది. వాడికి రోజూ సూది, మాత్ర. భయం లేదని డాక్టరు ఇంకా అనలేదు. వీధికంతా తెలిసిపోయింది. మీ మేనమామ అప్పుడే "దాన్ని పంపించెయ్యి" అని కబురు పెట్టాడు. నా గడప తొక్కవద్దని బదులు చెప్పి పంపాను. నువ్వు సెలవు పెట్టి రా నాయనా. నన్ను ఏమన్నా పడతాను. దాన్ని మాత్రం ఒక్క మాట అనకు.

కదిరమ్మ తెమడ శుభ్రమయ్యేదాకా బిడ్డను నన్నే చూసుకోమన్నారు. నిన్న మాత్ర నలిపి తేనెలో కలిపి చెయ్యి చాపాను. గోడకు అతుక్కుపోయి, రెండు చేతులతో నోరు మూసుకుని, "అవ్వకు దగ్గు" అన్నాడు. గడప అవతల నిలబడి కదిరమ్మ ఏడుస్తూ, "లేదు నాయనా, అవ్వకేమీ లేదు, పో" అని ఎంత చెప్పినా, వాడు నమ్మలేదు.

ఇట్లు,
ఏ జబ్బూ లేని మీ అమ్మ,
బాలనాగమ్మ.