జూలై ఒకటి దాకా

మోరిస్‌విల్,
12 జనవరి 2011

ప్రియమైన చెల్లాయి సరోజకి,

బావ రిటైరయ్యాడని సంతోషించాలో, ఇక రోజంతా నీ వంటింట్లోనే తిరుగుతాడని జాలిపడాలో తెలియలేదు. అరవై అయిదు దాటాక అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, ఆ మెడికేర్ సంగతి అడిగావు. ఇక్కడ గుడి హాల్లో మన పెద్దవాళ్ళందరికీ ఆ పాఠం చెప్పేది నేనే కదా! ఆసుపత్రిలో చేరితే పార్ట్ ఎ, అది నీకు ఉంది. డాక్టర్లకీ, పరీక్షలకీ పార్ట్ బి. బావ కంపెనీ ఇన్సూరెన్స్‌ని ఉద్యోగం మానేసినా సొంత డబ్బు కట్టి కోబ్రా కింద ఏడాదిన్నర పొడిగించుకున్నారుగా, అది అయిపోయాక బి తీసుకో. కోబ్రాకీ, బికీ రెండిటికీ నెలనెలా కట్టడం ఎందుకు? నిశ్చింతగా ఉండు.

నీ అన్నయ్య
రాజగోపాల్

నోవై,
9 డిసెంబర్ 2011

ప్రియమైన అన్నయ్యకి,

నా కంటి డాక్టర్ బిల్లు కోబ్రా వాళ్ళు తిప్పి పంపారు. ఈ వయసులో ముందు పార్ట్ బి ఇవ్వాలట, ఆ తర్వాతే వాళ్ళట. సరే, బి తీసుకుందామని వెళ్తే, ఉద్యోగం మానేశాక ఎనిమిది నెలలే గడువట. కోబ్రా ఉన్నా లెక్కలోకి రాదట. ఆగస్టులోనే దాటిపోయింది. "జనవరిలో అప్లై చేయండి, జూలై ఒకటి నుంచి వస్తుంది" అంది ఆఫీస్‌లో అమ్మాయి. మీ బావ మండిపడుతున్నారు, నీ మీద కాదులే. నాకేం రోగం? ఆరేడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ చెల్లెలు
సరోజ

మోరిస్‌విల్,
18 మార్చి 2012

ప్రియమైన సరోజా,

ఫారాలన్నీ నాకే తెలుసని విర్రవీగాను. నీ డిసెంబర్ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఒంట్లో ఏ కాస్త తేడా అనిపించినా జూలై దాకా ఆగకు, ఖర్చు నాది. ఆగనని నా మీద ఒట్టు వెయ్యి. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తున్నావు. నా మీద కోపమా తల్లీ?

అన్నయ్య

నోవై,
14 ఆగస్టు 2012

ప్రియమైన అన్నయ్యకి,

కోపం కాదు. నా గొంతు విని కనిపెట్టేస్తావని భయం. ఫిబ్రవరిలోనే చంకలో గడ్డ చేతికి తగిలింది. మీ బావకి కూడా చెప్పలేదు. చెబితే నువ్వు పరిగెత్తుకొస్తావు, నీ మాట వల్లే ఇలా అయిందని జీవితమంతా కుమిలిపోతావు. ఐదు నెలలే కదా అనుకున్నాను. కార్డు మొదలైన వారంలోనే వెళ్ళి చూపించుకున్నాను. క్యాన్సరట, కాలేయానికి కూడా పాకిందట. "ఇంకాస్త ముందు వచ్చి ఉంటే" అంది డాక్టరమ్మ.

నువ్వు చెప్పింది తప్పే, కాదని అబద్ధం ఆడను. కానీ ఒట్టు వెయ్యమని నువ్వు రాసినా జవాబివ్వకుండా కూర్చున్నది నేను. అది కూడా నీ నెత్తినే వేసుకోకు.

ఇదంతా ధైర్యంగా రాస్తున్నాననుకోకు. మీ బావ అసలే బెంబేలెత్తిపోయి ఉన్నారు, ఆయన ముందు ఏడవలేకపోతున్నాను. నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. వచ్చేయ్.

నీ
సరోజ