గడిలోకి చెప్పులతో

బుధవారం, రాత్రి

తెలంగాణ బంద్. కోరుట్ల రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, బడి లేదు. ఊరు పగలే నిద్రపోతున్నట్టుంది. మధ్యాహ్నం బిడ్డకు మాయల కుటుంబం కథ కల్పించి చెప్పాను. అందులో తాత ఛత్రీ విప్పి, దాన్ని ఎక్కి ఎగురుతాడు. చిన్నమ్మ తుమ్మితే కోటంతా కప్పలు.

"కోటంటే ఎట్లుంటది బాపూ?"

"మనూరి దొర గడి లెక్క" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

బీడీలు చుడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. చిన్నతనమంతా ఆ గడికి నీళ్లు మోసింది, వెనక తలుపు నుంచే. అప్పట్లో గడి ముందు నడవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. బిడ్డకు ఇవేవీ తెలియవు.

"బాపమ్మా, గా కోటల నువ్వేం మాయ చేస్తవ్?"

అమ్మ చేతిలోని బీడీకి దారం చుట్టి చాటలో వేసింది. నొప్పించానేమోనని భయపడ్డాను.

"మాయలెందుకే పొల్లా? చెప్పులేసుకొని ముంగటి తలుపుకెల్లే లోపలికి పోత. గా ఛత్రీ తాతను దిగి చాయ్ పొయ్యమంట."

బిడ్డ పడిపడి నవ్వింది. అమ్మ నవ్వలేదు. మళ్లీ ఆకు అందుకుంది.

ఇప్పుడు అమ్మ నిద్రపోతోంది. ఆమె చెప్పులు మంచం మీద, కాళ్ల దగ్గర ఉన్నాయి. "కలల పోయెటప్పుడు దొరకాలె గద" అని బిడ్డ పెట్టింది. ఇంట్లోకి చెప్పులు తేవద్దని రోజూ కసిరేది నేనే.

తీయలేదు.